బేచిరాగు అని రాసి ఉన్నా వెళ్లి చూడు

బిడ్డా,

నీకు జనగణన డ్యూటీ పడిందని, అదీ ఉట్నూరు ఏజెన్సీలోనని నిన్న మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. విన్నప్పటి నుంచి ఒకపక్క సంతోషం, ఒకపక్క టెన్షన్. మన ఇంట్లో నా తర్వాత ఆ సంచి భుజాన వేసుకునేది నువ్వే. నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నాను.

ట్రైనింగ్ ఒక్క పూట కూడా ఎగ్గొట్టకు. ఈసారి లెక్కంతా ఫోన్‌లోనే కాబట్టి పవర్ బ్యాంక్ పెట్టుకో, ఒక నోట్‌బుక్ కూడా. పొద్దు గూకక ముందే రోడ్డెక్కు. పులి తిరిగే అడవి అది, స్కూటీ మీద ఒక్కదానివే పోతే ఊరుకోను.

అన్నిటికంటే ముందు నీ బ్లాకు, అంటే లెక్క రాయడానికి నీకిచ్చిన ప్రాంతం, హద్దు తేల్చుకో. నేను 1981లో మొదటిసారి లెక్క రాసినప్పుడు తాలూకాలు ఉండేవి, ఏ గట్టు ఎవరిదో చెప్పడానికి పట్వారీ ఉండేవాడు. 1984లో పటేల్, పట్వారీలు పోయారు. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, పాత ఆదిలాబాద్ 52 మండలాల జిల్లా అయింది. 2016 అక్టోబర్ 11న అది ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అని నాలుగైంది. హద్దులు ఇన్నిసార్లు మారాయి గానీ జనం లెక్క మాత్రం 2011 దగ్గరే ఆగింది. అప్పటి 27,41,239 మందినే నాలుగు జిల్లాలకూ పంచి వాడుతున్నారు. నీ జిల్లా, అంటే ఇప్పటి ఆదిలాబాద్ వాటా 7,08,972. నువ్వు అ ఆలు దిద్దించే పిల్లల్లో ఒక్కరు కూడా ఆ లెక్కలో లేరు తెలుసా.

ఇంకో చిక్కుంది. 2018 చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. వాళ్ల ఊరికి వాళ్లే సర్పంచి కావడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి. కానీ జనగణన పట్టుకునేది రెవెన్యూ గ్రామాన్ని, అంటే భూమి రికార్డుల్లో ఉండే ఊరిని. ఒక్కో రెవెన్యూ గ్రామంలో రెండు మూడు పంచాయతీలు ఉండొచ్చు. పంచాయతీ హద్దు చూసుకుని నడిచావంటే పక్కవాళ్ల ఇళ్లు నువ్వు రాస్తావు, నీ ఇళ్లు ఎవరూ రాయరు. గిర్దావర్ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) దగ్గర కూర్చుని నక్షా మీద వేలు పెట్టి చూపించమని అడుగు. విసుక్కుంటే విసుక్కోనీ.

నేను అడగలేదు బిడ్డా. మీ పెద్దమ్మకు కూడా చెప్పని మాట ఇది.

1991లో నాకిచ్చిన జాబితాలో మూడు ఊళ్లున్నాయి. రెండింట్లో జనం ఉన్నారు. మూడోదాని పక్కన ‘బేచిరాగు’ అని ఉంది. దీపం లేని ఊరు. పేరు కాగితం మీద ఉంటుంది, మనుషులు ఉండరు. అయినా వెళ్లి చూసి రావాలనే మాకు చెప్పారు. దారి లేదు, వాగు దాటి ఏడెనిమిది కిలోమీటర్లు నడవాలి. ఫిబ్రవరి ఆఖరు, ఎండ ముదిరింది. సంతలో ఒకాయన్ని అడిగితే, “అక్కడేముంది సార్, టేకు చెట్లు తప్ప” అన్నాడు. నాకూ ఆ మాటే కావాల్సి వచ్చింది. చెట్టు కింద కూర్చుని ‘జనం లేరు’ అని రాసి సంతకం పెట్టాను.

నాలుగేళ్ల తర్వాత వేరే పని మీద ఒక ఆఫీసుకు వెళ్లాను. కొలాం తెగ ముసలాయన ఒకడు వెదురు బుట్టలు గుమ్మం పక్కన దించి, తమ గూడేనికి బడి కావాలని అడుగుతున్నాడు. లోపలి మనిషి రిజిస్టర్ తిప్పి, “ఈ ఊళ్లో జనమే లేరు కదయ్యా” అన్నాడు. ముసలాయన ఏమీ మాట్లాడలేదు. తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాడు. ఊరి పేరు విన్నాక నాకు కాళ్లు ఆడలేదు.

ఆ ఆదివారం నడిచి వెళ్లాను. పదకొండు ఇళ్లు. జొన్న సొప్ప కప్పులు, మట్టి పూసిన వెదురు తడికలు. నేను సంతకం పెట్టేనాటికే వాళ్లు అక్కడికొచ్చి ఆరేళ్లయిందట. నాకు మంచం వేసి మంచినీళ్లిచ్చారు. ఆ నీళ్లు తాగాను గానీ, రాసింది నేనేనని చెప్పలేకపోయాను.

అందుకే ఇంత పోరుతున్నాను. పేరు పెట్టని పసిగుడ్డును కూడా రాయి, అడిగితేనే చెప్తారు. మంచాన పడ్డ ముసలివాళ్లను వాళ్లంతట వాళ్లు లెక్కలోకి తేరు, నువ్వే అడగాలి. మాతృభాష గోండీ అంటే గోండీ, కొలామీ అంటే కొలామీ. నీతో తెలుగు మాట్లాడారని తెలుగు రాసెయ్యకు. ఈసారి కులం కూడా రాస్తున్నారు. ప్రధాన్ తెగవాళ్లను గోండు అని, తోటి తెగవాళ్లను ఇంకొకరని నీ అంతట నువ్వు అనుకోవద్దు, వాళ్ల నోట వచ్చిందే రాయి. కోప్పడుతున్నానని అనుకోకు. నీకు నాకంటే ఓపిక ఎక్కువని చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నాను.

ఆ గూడెం పేరు విడిగా చీటీ మీద రాసి మీ అమ్మకు పంపుతాను. నీ బ్లాకులో పడితే మొదటి రోజే అక్కడికి వెళ్లు. ఎవరున్నారో, ఎంతమందో నాకు చెప్పొద్దు, అది చట్టం ఒప్పుకోదు. వెళ్లానని మాత్రం ఆ సాయంత్రం ఒక ఫోన్ చెయ్యి.

నీ పెద్దబాపు