మాలలో ఉన్నన్నాళ్ళూ సిగరెట్ ముట్టను, మాల తీసిన రోజే మళ్ళీ మొదలు.. ఎందుకిలా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 43 ఏళ్ళు, హార్డ్‌వేర్ షాప్ నడుపుతున్నా. ఇరవై ఏళ్ళుగా సిగరెట్ అలవాటు, రోజుకి పది పన్నెండు. ఆరేళ్ళుగా అయ్యప్ప మాల వేస్తున్నా. ఆ 41 రోజులూ ఒక్కటి కూడా ముట్టను, మెట్లెక్కినా ఆయాసం రాదు, పెద్దగా కష్టం కూడా అనిపించదు. శబరిమల నుంచి వచ్చి మాల తీశాక మాత్రం ఇంటికి పోకముందే టీ కొట్టు దగ్గర ఒకటి వెలిగిస్తా, వారం తిరిగేసరికి మళ్ళీ పన్నెండు. మొన్న బీపీ 148/94 ఉంది, మానకపోతే గుండెకి ప్రమాదం అన్నారు. మా పాపకి ఎనిమిదేళ్ళు, "నాన్నా నువ్వు మాల తియ్యకుండా ఉండొచ్చు కదా" అంటది. నాకు విల్ పవర్ లేదా? మందులేమైనా ఉన్నాయా?
- ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా

జవాబు: ముందు ఆ విల్ పవర్ మాట పక్కన పెట్టేయండి. తెల్లారుజామున చన్నీళ్ళ స్నానం, కాళ్ళకి చెప్పుల్లేవు, నేల మీద పడక, ఒంటిపూట భిక్ష, వీటన్నిటితో పాటు ఇరవై ఏళ్ళ సిగరెట్ కూడా ఆపేసి షాప్ నడుపుకున్నారు, అదీ ఆరు సార్లు. అలాంటి మనిషికి విల్ పవర్ లేదంటే నేనొప్పుకోను.

ఒక విషయం గమనించండి. సిగరెట్ ఆపితే నికోటిన్ రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసు నిలవకపోవడం ఇవన్నీ మొదటి వారం గట్టిగా ఉండి మూడు నాలుగు వారాలకి చాలావరకు సర్దుకుంటాయి. అంటే మాల తీసే రోజుకి మీ ఒళ్ళు సిగరెట్ అడగట్లేదు. అడిగేది ఆ టీ గ్లాసు, ఆ కొట్టు బల్ల, పక్కన నిలబడ్డ ఫ్రెండ్స్, "హమ్మయ్య, మొక్కు తీరింది" అనిపించే ఆ నిమిషం. ఇరవై ఏళ్ళు టీతో పాటే సిగరెట్ తాగారు కాబట్టి మెదడు ఆ రెండిటినీ కలిపి ముడేసేసింది, ఆ ముడి 41 రోజుల్లో వదులవుద్ది గానీ ఊడిపోదు. లండన్లో 96 మంది మీద చేసి 2010లో అచ్చేసిన ఒక స్టడీలో, కొత్త అలవాటు తనంతట తాను జరిగిపోయేంతగా కుదరడానికి సగటున 66 రోజులు పట్టింది, కొందరికి 18 రోజులకే కుదిరితే ఇంకొందరికి 254 రోజుల దాకా పడుతుందని లెక్కేశారు. అది మంచినీళ్ళు తాగడం, నడవడం లాంటి చిన్న చిన్న అలవాట్ల సంగతి. సిగరెట్ లాంటి దాన్ని వదలడం ఇంకా కష్టం కాబట్టి 41 రోజులు సరిపోలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవడంలో అర్థం లేదు.

మరి ఆ 41 రోజులు అంత తేలిగ్గా ఎలా గడిచాయి? నా ఉద్దేశంలో మీ ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది. మాల వేసుకోగానే ఇంట్లో వాళ్ళ నుంచి షాపుకొచ్చే కస్టమర్ దాకా అందరూ మిమ్మల్ని "స్వామీ" అనే పిలుస్తారు. రోజూ సిగరెట్ చేతిలో పెట్టే ఫ్రెండే మిమ్మల్ని చూసి తన సిగరెట్ వెనక్కి దాచుకుంటాడు. "ఒక్కటేగా, ఏం కాదులే" అనేవాడు ఒక్కడుండడు. గంటగంటకీ తాగాలా వద్దా అని మనసులో పోట్లాట కూడా ఉండదు, ఎందుకంటే గురుస్వామి మెడలో మాల వేసిన రోజే అది తేలిపోయింది. కాకపోతే ఈ ఏర్పాటంతటికీ ఒక ముగింపు తేదీ ఉంది, ఆ తేదీ మీకు మొదటి రోజు నుంచే తెలుసు. అందుకే మీరు సిగరెట్‌ని మానలేదు, 42వ రోజుకి వాయిదా వేశారు.

ఇక గుండెకి ప్రమాదం అన్న భయం సంగతి. 2016 నుంచి మన దేశంలో సిగరెట్ ప్యాకెట్ మీద 85 శాతం హెచ్చరికే ఉంటోంది, అయినా రోజూ దాన్ని చూస్తూనే కొంటున్నారు కదా. భయంతో మొదలుపెట్టేవాళ్ళు చాలామందే, ఛాతీ నొప్పి తగ్గి మళ్ళీ పనిలో పడేసరికి ఆ భయమూ తగ్గిపోద్ది. నా దగ్గరికొచ్చే ఒకాయనకి స్టెంట్ వేశారు, డిశ్చార్జ్ రోజు దణ్ణం పెట్టి ఇక ముట్టనన్నారు, మూడు నెలలకి చొక్కా జేబులో అగ్గిపెట్టె కనబడింది. ఆయన రామాలయంలో శనివారం భజన పాడతారు. ఒక రోజు ఓపీలో చెప్పారు, పైస్థాయి అందుకోబోయేసరికి దగ్గొచ్చి ఆగిపోయా సార్, పక్కనాయన అందుకుని నా చరణం పాడేశాడు అని, చెబుతుంటే కళ్ళల్లో నీళ్ళు. ఆ వారమే మానేశారు, నాలుగేళ్ళయింది. స్టెంట్ చేయలేని పని ఆ ఒక్క చరణం చేసింది, ఎందుకంటే ఆ కారణం నేను చెప్పింది కాదు, ఆయన సొంతది.

1983లో విలియం మిల్లర్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ తాగుడు మాన్పించడం గురించి రాస్తూ ఇదే చెప్పారు, మనం వాదించేకొద్దీ పేషెంట్ ఎదురు వాదిస్తాడు, కాబట్టి మారడానికి కారణం అతని నోటి నుంచే రావాలని. ఆ పద్ధతిలో వాడే ఒక ప్రశ్న మిమ్మల్నీ అడుగుతా. మానాలని మీకు పదికి ఎంత ఉంది? నాలుగు అనుకుందాం. ఒకటో రెండో కాకుండా నాలుగు ఎందుకైంది? దీనికి వచ్చే జవాబు మీ చేత్తో కాగితం మీద రాసుకోండి. ఉత్తరంలో కొంత ఇప్పటికే రాశారు, ఆయాసం లేని మెట్లు, పాప మాట. పాప అడిగేది మాల గురించి అనుకోకండి, ఆ రోజుల్లో కనబడే నాన్న గురించి.

ఇప్పుడు చేయాల్సిన పని. ఈసారి మాల తీసే రోజుకి ముందే ప్లాన్ వేసుకోండి. గురుస్వామికి చెప్పండి, మాల తీసినా సిగరెట్ నియమం మాత్రం దించట్లేదని, ఆయన ముందే అనండి. గుడి నుంచి నేరుగా ఇంటికి పోండి, మొదటి టీ ఇంట్లో, పాప పక్కన కూర్చుని. నెల రోజులు ఆ కొట్టు వైపు పోవద్దు. ఎవరైనా ఇస్తే "మానడానికి ట్రై చేస్తున్నా" అనకండి, "నేను తాగను" అనండి. తాగాలనే తపన సాధారణంగా కొద్ది నిమిషాల్లో తగ్గుతుంది, ఆ కాసేపు నీళ్ళు తాగుతూ షాప్ బయట అటూ ఇటూ నడవండి. "ఒక్క దమ్మే" అన్నది మాత్రం వద్దు, ఆరు సార్లూ మీకు జరిగింది అదే. పొరపాటున తాగినా ఆ రోజే ఆపేయండి, ఎలాగూ పోయిందని ప్యాకెట్ కొనకండి.

కార్తీకం దాకా ఆగొద్దు, రేపే మొదలెట్టినా మంచిదే. మందులున్నాయి. నికోటిన్ గమ్ 2 మిల్లీగ్రాములది, నిద్రలేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ తాగేవాళ్ళకి 4ది. బబుల్ గమ్‌లా గబగబా నమలకూడదు, ఘాటు తగలగానే బుగ్గకి చిగురుకి మధ్య పెట్టి ఉంచాలి, టీ కాఫీ తాగిన పావుగంట దాకా వేసుకోకూడదు. వరెనిక్లిన్, బుప్రోపియాన్ మాత్రలు డాక్టర్ రాస్తేనే వాడాలి, ఫిట్స్ ఉన్నవాళ్ళకి బుప్రోపియాన్ పనికిరాదు. పొగాకు మానడానికి సాయం చేసే 1800 11 2356 క్విట్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు.

మాల వేసే మిగతా పాఠకులకి ఒక మాట, రోజూ బాగా మందు తాగేవాళ్ళు ఒక్కసారిగా ఆపితే మొదట వణుకు, ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత లేనివి కనబడటం రావచ్చు, ప్రాణం మీదకి కూడా వస్తుంది. మాలకి ముందే డాక్టర్‌ని కలవండి.

బీపీ ఒక్కసారి చూసి నిర్ణయించొద్దు, వేర్వేరు రోజుల్లో రెండు మూడు సార్లు, సిగరెట్, టీ అయ్యాక అరగంట ఆగి చూపించుకోండి. అలాగే ఉంటే సిగరెట్ మానినా బీపీ వైద్యం వేరే కావాలి. షుగర్, కొలెస్ట్రాల్, ఈసీజీ కూడా ఈ నెలలోనే చేయించండి. మానేసిన మూడో రోజు ఎలా గడిచిందో, ఆ కాగితం మీద ఏం రాసుకున్నారో నాకు మళ్ళీ రాయండి.