ఎస్‌ఎంబీ1 ఆన్ చేయమని చెప్పింది ఎవరండీ?

ప్రశ్న: మా ఆడిటింగ్ ఆఫీసులో ఎనిమిది కంప్యూటర్లు, ఒక నాస్ బాక్సు (అందరి ఫైళ్లూ ఉంచే నెట్‌వర్క్ డిస్కు) ఉన్నాయి. విండోస్ 11 ప్రోకి 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక షేర్డ్ ఫోల్డర్ తెరుచుకోవడం లేదు. ఎస్‌ఎంబీ1 (విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి ఎస్‌ఎంబీలో పాత వెర్షన్) ఆన్ చేస్తే సరిపోతుందని సర్వీసు చేసే అబ్బాయి అంటున్నాడు. చేయమంటారా? బాక్సు సెట్టింగుల్లో అదే పేజీలో ఏఎఫ్‌పీ, ఎన్‌ఎఫ్‌ఎస్, ఎఫ్‌టీపీ, వెబ్‌డావ్ అనే ఇతర ఫైల్ షేరింగ్ పద్ధతులకు కూడా టిక్కులున్నాయి. ఉంచాలా, తీసేయాలా? (విజయవాడ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: చేయొద్దు. వారం వారం ఇదే ప్రశ్న, ప్రతిసారీ వెనకాల ఇదే ఉచిత సలహా. మీ సమస్యకూ ఎస్‌ఎంబీ1కూ సంబంధమే లేదు. 24హెచ్2 నుంచి విండోస్ ప్రో ప్రతి ఎస్‌ఎంబీ కనెక్షన్‌కూ సైనింగ్ (ప్రతి మెసేజీకీ డిజిటల్ సంతకం) అడుగుతుంది, పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌ను ఒప్పుకోదు. సైనింగ్‌కు కావలసిన కీ పాస్‌వర్డ్ లాగిన్ నుంచే పుడుతుంది. గెస్ట్‌కు పాస్‌వర్డే లేనప్పుడు సంతకం ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్నాళ్లూ మీ క్లయింట్ల పాన్ కార్డులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఉన్న ఫోల్డర్ మీ వైఫై దొరికినవాడికల్లా తెరుచుకుంది. అప్‌డేట్ చేసిన పుణ్యమల్లా దాన్ని బయటపెట్టడమే.

బాక్సులో మనిషికొక యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టి గెస్ట్‌ను ఆపేయండి. ప్రతి కంప్యూటర్‌లో క్రెడెన్షియల్ మేనేజర్ తెరిచి, ఆ బాక్సు పేరుమీద ఉన్న పాత ఎంట్రీలు తీసేసి, కొత్తవి ఇవ్వండి. ఇవ్వాల్సింది బాక్సులో పెట్టిన పాస్‌వర్డ్. పొద్దున్నే విండోస్‌లో కొట్టే పిన్ నెట్‌వర్క్‌లో పనిచేయదు. సగంమంది ఇక్కడే చిక్కుకుని మళ్లీ రాస్తారు. సైనింగ్‌నే ఆపేసే రిజిస్ట్రీ చిట్కాలు వీడియోల్లో బోలెడున్నాయి, వాటి జోలికి పోకండి.

ఎస్‌ఎంబీ1 ఎందుకు వద్దో తెలియాలంటే 2017 మే 12 గుర్తుచేసుకోవాలి. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ దూరింది విండోస్ ఎస్‌ఎంబీ1లోని లోపం గుండానే. ప్యాచ్ అంతకు రెండు నెలల ముందు, మార్చి 14నే వచ్చింది. వేసుకోనివాళ్లు బలయ్యారు, ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా కొన్ని అందులో ఉన్నాయి. మా బాక్సులో ఉన్నది లైనక్స్ కదా అంటారా? లైనక్స్‌లో ఎస్‌ఎంబీ షేరింగ్ నడిపే ప్రోగ్రాం సాంబాలోనూ ఆ మే నెలలోనే మరో లోపం బయటపడింది. రాసే అనుమతి ఉన్న షేర్ ఒకటి దొరికితే చాలు, అందులో లైబ్రరీ ఫైలొకటి పడేసి దాన్ని సర్వర్ చేతే నడిపించవచ్చు. గెస్ట్‌కు రాసే అనుమతి ఇచ్చిన ఆఫీసులు ఎన్నో మీరే ఊహించుకోండి. 2019లో వచ్చిన సాంబా 4.11 నుంచి ఎస్‌ఎంబీ1 డిఫాల్ట్‌గా ఆఫ్.

సాంబా కాన్ఫిగ్ ఫైల్‌లో ‘సర్వర్ మిన్ ప్రోటోకాల్’ ఎస్‌ఎంబీ3 పెట్టండి. విండోస్ 7 యంత్రం ఇంకా ఉంటే ఎస్‌ఎంబీ2_10 దాకా దిగొచ్చు. ‘సర్వర్ మ్యాక్స్ ప్రోటోకాల్’ లైను మాత్రం ముట్టుకోవద్దు. పాత గైడ్ చూసి దాన్ని ఎస్‌ఎంబీ2 దగ్గర ఆపినవాళ్లకు ఎన్‌క్రిప్షన్ పోతుంది, పోయినట్టు కూడా తెలియదు. ఎవరు ఏ వెర్షన్‌లో మాట్లాడుతున్నారో సర్వర్‌లో ‘ఎస్‌ఎంబీస్టేటస్’ కమాండ్ చూపిస్తుంది.

నెట్‌బయాస్‌నూ (నెట్‌వర్క్‌లో కంప్యూటర్లను పేర్లతో వెతికే పాత పద్ధతి) తీసేయండి: ‘డిజేబుల్ నెట్‌బయాస్ = యస్’, ‘ఎస్‌ఎంబీ పోర్ట్స్ = 445’. దాంతో 137, 138, 139 పోర్టులు మూతపడతాయి. ఎక్స్‌ప్లోరర్‌లోని నెట్‌వర్క్ లిస్టులో బాక్సు కనిపించకపోవచ్చు. కంగారుపడకండి, రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి ఐపీ అడ్రస్ ఇస్తే తెరుచుకుంటుంది. ఆ అడ్రస్ మారకుండా రౌటర్‌లో రిజర్వ్ చేయండి.

మిగతా టిక్కుల సంగతి రెండు మాటల్లో. మ్యాక్‌లు 2013 నుంచే ఎస్‌ఎంబీని ముందు వాడుతున్నాయి, ఏఎఫ్‌పీ తీసేయండి. ఎన్‌ఎఫ్‌ఎస్ మామూలుగా క్లయింట్ చెప్పిన యూజర్ నంబర్‌ను నమ్మేస్తుంది. లైనక్స్ యంత్రాలు లేని ఆఫీసుకు దాంతో పనిలేదు. ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ బాహాటంగా పోతుంది. వెబ్‌డావ్ ఎవరైనా వాడుతున్నారేమో అడగండి, జవాబు రాకపోతే తీసేయండి.

అసలు భయం వేరే ఉంది. ఏ ప్రోటోకాల్ అన్నది చూసుకున్నారు సరే, ఏ అడ్రస్ మీద? సర్వర్‌లో ‘ఎస్‌ఎస్ -టీఎల్‌ఎన్‌పీ’ కొట్టి 445 ఉన్న లైన్లు చూడండి. 0.0.0.0తో పాటు రెండు కోలన్లున్న బ్రాకెట్లు కనిపిస్తే ఐపీవీ6 (కొత్త తరహా ఇంటర్నెట్ అడ్రస్) మీద కూడా వింటోందన్నమాట. ఐపీవీ4లో రౌటర్ చాటున దాక్కున్నాం కదా అని ధైర్యంగా ఉంటాం. ఐపీవీ6లో ఆ చాటు లేదు. ఇంటింటి ఫైబర్ కనెక్షన్‌తో ఒక్కో పరికరానికీ బయటికి కనిపించే సొంత అడ్రస్ వచ్చేస్తోంది. అడ్డు ఉన్నదల్లా రౌటర్‌లోని ఐపీవీ6 ఫైర్‌వాల్ ఒక్కటే. అది ఆఫ్‌లో ఉంటే? నాస్ బాక్సుకు 2తో మొదలయ్యే ఐపీవీ6 అడ్రస్ ఉంటే రౌటర్ పేజీ ఇవాళే తెరవండి. యూపీఎన్‌పీని కూడా ఆపేయండి, బాక్సు మీకు చెప్పకుండా పోర్టులు తెరిపించుకునేది దాని ద్వారానే.

సాంబాలో ‘ఇంటర్‌ఫేసెస్ = 127.0.0.1 192.168.1.10/24’ అని (192.168.1.10 ఉన్నచోట మీ బాక్సు అడ్రస్) రాసి, కింద ‘బైండ్ ఇంటర్‌ఫేసెస్ ఓన్లీ = యస్’ పెట్టండి. రెండో లైను లేకపోతే మొదటిది రాసినా సాంబా సర్వీసు ఎస్‌ఎంబీడీ అన్ని అడ్రస్‌ల మీదా వింటూనే ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు పేరు రాస్తే దాని ఐపీవీ6 అడ్రస్ కూడా లోపలికొస్తుంది కాబట్టి అంకెలే రాయండి. 127.0.0.1 మర్చిపోతే పాస్‌వర్డ్ మార్చే కమాండ్ మొరాయిస్తుంది. ‘టెస్ట్‌పార్మ్’తో తప్పులు చూసుకుని సర్వీసును రీస్టార్ట్ చేయండి, రీలోడ్ చాలదు. కరెంటు పోయి వచ్చాక షేర్ కనిపించకపోతే, అడ్రస్ రాకముందే ఎస్‌ఎంబీడీ లేచిందేమో చూడండి.

ప్రశ్న: మా జిరాక్స్ మెషిన్ నుంచి ఫోల్డర్‌కు స్కాన్ పోవాలంటే ఎస్‌ఎంబీ1 తప్పదంటున్నారు. దానికి మాత్రమే తెరవొచ్చా? (వరంగల్ నుంచి)

జవాబు: తెరవలేరు. సాంబాలో కనీస వెర్షన్ సర్వర్ మొత్తానికి ఒక్కటే, ఒక్క మెషిన్ కోసం దించితే అందరికీ దిగుతుంది. ముందు ఫర్మ్‌వేర్ (మెషిన్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అడగండి. లేదంటే స్కాన్‌ను మెయిల్‌కు గానీ పెన్‌డ్రైవ్‌కు గానీ పంపండి. అదీ కుదరకపోతే ఒక చిన్న పాత కంప్యూటర్‌ను విడిగా పెట్టి, స్కాన్ ఫోల్డర్ ఒక్కటే అందులో ఉంచి, ‘హోస్ట్స్ అలో’లో జిరాక్స్ మెషిన్ ఐపీ, ఫైళ్లు తీసుకునే ఒక్క కంప్యూటర్ ఐపీ మాత్రమే రాయండి. నాస్ బాక్సులోకి మాత్రం రానివ్వకండి.

లక్షలు పోసి కొనే యంత్రాలివి. టచ్‌స్క్రీన్ మెరుస్తుంది, కార్డు చూపిస్తే మనిషిని గుర్తుపడుతుంది, లోపల మాత్రం 1980ల నాటి ప్రోటోకాల్. డిఫాల్ట్‌గా అది ఆగిపోయి ఏళ్లు గడిచాక కూడా ఫర్మ్‌వేర్ రాదు, అడిగితే ‘మీ సర్వర్‌లో సెక్యూరిటీ తగ్గించండి’ అని జవాబు. ఈసారి ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) కాగితం మీద సంతకం పెట్టేముందు ‘ఎస్‌ఎంబీ2, 3కు స్కాన్ పంపుతుందా?’ అని అడిగి, జవాబు కాగితం మీదే రాయించుకోండి.