మైక్ వైరు జోలికి పోకు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

పల్స్ ఇండక్షన్ మెటల్ డిటెక్టర్ (కాయిల్‌లోకి కరెంటు పల్సులు పంపి, అవి ఆగాక లోహం నుంచి వచ్చే సిగ్నల్ని పట్టేది) సొంతంగా కడుతున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. సంబరపడ్డాను. కాయిల్‌ని బోర్డుకి కలపడానికి ఇంట్లో పడి ఉన్న మైక్ వైరు వేస్తున్నావని కూడా చెప్పింది. అక్కడే గుండె గుబేలుమంది.

బోర్డు సంగతి నీకు తెలుసు. బ్యాటరీ ప్లస్ తీగకి మొదట్లోనే ఫ్యూజు పెట్టు, చాలు.

షీల్డు (తీగ చుట్టూ లోహపు తొడుగు) ఉందిగా, గోల రాదని అందరూ మైక్ వైరే తెస్తారు. బోర్డు దాకా వచ్చే కేబుల్ కూడా కాయిల్లో భాగమే రా! 300 మైక్రోహెన్రీల కాయిల్‌కి సొంతంగా 100 పికోఫారడ్ల కెపాసిటెన్స్ (చార్జి నిలవ చేసుకునే గుణం) ఉందనుకో, డ్యాంపింగ్, అంటే ఊగిసలాటని అణచే రెసిస్టర్, 866 ఓంల దగ్గర కుదురుతుంది. మీటరుకి 100 పికోఫారడ్ల షీల్డు వైరు మీటరున్నర తగిలిస్తే మొత్తం 250 అవుతుంది, అప్పుడు 548 ఓంలు కావాలి. ఆంప్లిఫయర్ ఇన్‌పుట్ రెసిస్టర్‌ని కలుపుకొనే ఈ లెక్క. పాత విలువే ఉంచితే పల్సు ఆగాక వోల్టేజి ఊగిసలాడుతుంది. మార్చినా అది అణగడానికి ఒకటిన్నర రెట్లకు పైగా సమయం తీసుకుంటుంది, శాంపిల్ (సిగ్నల్ని కొలిచే క్షణం) ఆలస్యంగా తీయాల్సి వస్తుంది. సన్న గొలుసు, చిన్న ఉంగరం సిగ్నల్ అప్పటికే ఆరిపోయి ఉంటుంది. అందుకే డ్యాంపింగ్ రెసిస్టర్ ఎప్పుడూ అసలు కేబుల్ తగిలించాకే చూసుకో. కేబుల్ మారిస్తే మళ్ళీ మొదటి నుంచి.

పాలిథిలీన్ ఇన్సులేషన్, సన్న రాగి పోగులు ఉన్నది తీసుకో, 0.5 నుంచి 0.75 చదరపు మిల్లీమీటర్లు. పీవీసీ అయితే కెపాసిటెన్స్ పెరుగుతుంది. ఆర్‌జి-62 అనే కోయాక్సియల్ కేబుల్ మీటరుకి 44 పికోఫారడ్లే గానీ నడిమి తీగ రాగిపూత వేసిన ఉక్కు, మాటిమాటికీ వంగే చోటికి పనికిరాదు.

షీల్డుని బాక్సు వైపే గ్రౌండ్ చెయ్యి. కాయిల్ చుట్టూ వేసే రేకు రెండు కొసలూ కలవకుండా సెంటీమీటరు సందు వదులు, కలిస్తే అదే షార్టయిన చుట్టు. కేబుల్ని కర్రకి బిగించి చుట్టు, కాయిల్ దగ్గర ఊగితే ఉత్తుత్తి కూతలు వస్తాయి. టంకం పాకి బిరుసెక్కిన చోటే పోగులు తెగుతాయి, అక్కడ తీగ వంగకుండా క్లాంపు వెయ్యి.

బ్యాటరీ 12 వోల్టులే కదా అనుకోకు. ట్రాన్సిస్టర్ ఆగిన క్షణం కాయిల్ మీద మూడు నాలుగు వందల వోల్టులు లేస్తాయి. స్విచ్ వేసి ఉండగా కొసలు ముట్టుకోకు నాయనా, నా భయమంతా అదే. ఆ వోల్టేజికి తట్టుకునే ఇన్సులేషనేనా అని దుకాణంలోనే అడుగు. మీటరు ముక్క తెచ్చి, అవతలి కొస వదిలేసి, ఎల్‌సీఆర్ మీటరుతో (కెపాసిటెన్స్ కొలిచే పరికరం) కొలిచి ఎన్ని పికోఫారడ్లు వచ్చాయో నాకు రాయి. మిగతా తీగ ఆ తర్వాతే కొందువుగాని.

మీ మామయ్య