గోడ అవతల తోడికోడలు

"నా వయసు 57. పెళ్లయిన ఏడాదికే హైదరాబాద్ వచ్చేశాం. ముప్పై ఏళ్లు కూకట్‌పల్లిలోనే గడిచాయి. మావారు రిటైరయ్యాక పట్టుబట్టి పోయిన వేసవిలో సొంతూరికి తీసుకొచ్చారు. కనిగిరి దాటి చాలా లోపలికి రావాలి. పేరుకు మండల కేంద్రం. మా వీధిలో పదకొండు ఇళ్లుంటే ఏడింటికి తాళాలే. రాత్రి ఏడున్నర దాటితే మనిషి అలికిడి ఉండదు, నాకు నిద్ర పట్టదు. బోరు నీళ్లకి కందిపప్పు ఉడకదు. పనిమనిషి దొరకదు. కూరగాయలు సంత రోజు తెచ్చుకుంటే మళ్లీ సంత దాకా అవే. మావారికి షుగరు, బీపీ. రాత్రిపూట ఏదైనా అయితే ఎవర్ని పిలవాలో తెలియదు. ఎవర్ని ఏమడిగినా 'మీ చెల్లెల్ని అడగండక్కా' అంటారు. చెల్లెలంటే మా తోడికోడలు. గోడకవతల వాటా వాళ్లదే. పక్షవాతంతో మూడేళ్లు మంచాన పడ్డ అత్తగారిని ఆవిడే చూసుకుంది, కాదనను. నెలనెలా డబ్బు మేమే పంపాం. పెద్దకర్మ రోజు అత్తగారి గాజులు ఏవని నలుగురిలో అడిగాను. బతికుండగానే తనకిచ్చిందని చెప్పి, నాలుగింటిలో రెండు తెచ్చి నా ముందు పెట్టి లోపలికెళ్లిపోయింది. ఏడేళ్లుగా మాటల్లేవు. అన్నదమ్ములు మాత్రం బాగానే ఉంటారు. మా అబ్బాయి బెంగళూరు వచ్చేయమంటున్నాడు, మావారు కదలనంటున్నారు. ఆయన్ని ఇక్కడ వదిలి నేను కొడుకు దగ్గరికి వెళ్లిపోతే తప్పా? లోకం ఏమనుకుంటుంది?"

వెళ్లొచ్చు, తప్పేం లేదు. లోకం అంటారా, మీ వీధిలో ఏడిళ్ల లోకం ఇప్పటికే తాళాలేసుకుని బయట ఊళ్లలో ఉంది. మిమ్మల్ని అనడానికి దానికి నోరెక్కడిది? ఆ ప్రశ్న ఇక్కడితో వదిలేయండి.

ఉత్తరంలో మీరు రాసిన కష్టాల్లో చాలా వాటికి మందుంది. ముందు అవి తేల్చేస్తాను, ఆ తర్వాత గాజుల దగ్గరికొద్దాం.

పప్పు ఉడకకపోవడానికి కారణం మీ బోరు నీళ్లలోని సున్నం. అందులోని కాల్షియం పప్పును మెత్తబడనివ్వదు, కుక్కరు ఎన్ని కూతలు పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. చిటికెడు వంటసోడా వేస్తే ఉడుకుతుందని ఎవరో ఒకరు చెప్తారు. నిజమే, ఉడుకుతుంది. కానీ బీపీ ఉన్న మనిషి రోజూ తినే పప్పులో సోడా ఎందుకు? ఊళ్లో మంచినీళ్లు శుద్ధి చేసి అమ్మే ప్లాంటు నీళ్లలో గంట నానబెట్టి, ఆ నీళ్లతోనే ఉడికించండి. అసలు మీ వైపు పప్పు కన్నా పెద్ద సంగతి ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగడానికి పనికిరావు. కాచితే పోతుందనుకుంటారు. పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలిన దాంట్లో ఇంకా చిక్కబడుతుంది. తాగడానికి క్యాను, వంటకి బోరు వాడుతూ జాగ్రత్తగానే ఉన్నామనుకునే ఇళ్లు చాలా ఉన్నాయి. అన్నంలో, చారులో ఇంకిన నీళ్లు ఒంట్లోకి పోక ఎక్కడికి పోతాయి? మీ ఇద్దరికీ తాగడానికీ వంటకీ కలిపి రోజుకు పది లీటర్లు చాలు. అంటే రెండు రోజులకు ఒకటి చొప్పున 20 లీటర్ల క్యాను. గిన్నెలకీ స్నానానికీ బోరు నీళ్లు వాడుకోండి. ప్లాంటు ఏ పూట తెరుస్తారో, క్యాను ఇంటిదాకా ఎవరు తెచ్చి వేస్తారో మీ తోడికోడలికి తెలుసు.

కూరగాయల గురించి బెంగపడక్కర్లేదు. ఆకుకూర, టమాటా, వంకాయ మొదటి మూడు రోజుల్లో వాడేయండి. దొండ, గోరుచిక్కుడు ఆ తర్వాత. దోసకాయ, గుమ్మడి, కంద చివరికి. వేసవి ఎండలకి వరుగులు పెట్టుకుంటే సంత లేని రోజు కూడా పొయ్యి ఆగదు.

పనిమనిషి సంగతి వేరు. కూకట్‌పల్లిలో వాచ్‌మన్‌ని అడిగితే సాయంత్రానికి ఎవరో ఒకరు వస్తారు. చిన్న ఊళ్లో ఆడవాళ్లు పొద్దున్నే కూలికో, ఉపాధి పనికో పోతారు. అంట్లూ బట్టలూ చేసేది తెలిసిన ఇళ్లకే, అదీ పదకొండు దాటాకే, అదీ ఒకరి మాట మీదే. మీరు నేరుగా అడిగి సిటీ జీతం చెప్పారనుకోండి, సాయంత్రానికి ఆ అంకె ఊరంతా తిరుగుతుంది. మిగతా ఇళ్లవాళ్లు మూతి తిప్పుతారు, ఆ మనిషి ఇద్దరి మధ్యా ఇరుక్కుని ఎవరింటికీ సరిగ్గా రాదు. మాట ఎవరు చెప్పాలో మళ్లీ చెప్పక్కర్లేదుగా.

బస్సులో స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఆంధ్రా చిరునామా ఉన్నవాళ్లకే. మీ ఆధార్ ఇంకా కూకట్‌పల్లి పేరుతోనే ఉంటే కండక్టర్ టికెట్ కొడతాడు. చిరునామా మార్పించుకోండి.

ఆయన ఆరోగ్యం దగ్గర మాత్రం అశ్రద్ధ చేయొద్దు. షుగరున్న మనిషికి గుండెపోటు గుండెల్లో నొప్పితోనే రావాలని లేదు. ఊరికే చెమటలు, ఆయాసం, కడుపులో వికారం, ఒక్కసారిగా నీరసం, ఇలా కూడా వస్తుంది. గ్యాసనుకుని ఊళ్లో సూది వేయించుకుని పడుకోబెట్టడం దగ్గరే కొంప మునుగుతుంది. 108కి ఫోన్ చేయండి. ఊరు, మండలం, ఇంటికి దగ్గర్లో ఉన్న గుడో బడో చెప్పండి. ఒకరు వీధి చివర లైటు పట్టుకుని నిలబడాలి. తాళాలేసిన వీధిలో ఏ ఇల్లో తెలియక బండి ముందుకు పోవడం మామూలే. ముందు చేరాల్సింది కనిగిరి ఆస్పత్రి. ఒంగోలు దాకా నేరుగా పోవాలంటే రెండు గంటల పైమాటే. షుగరు పడిపోతే అది వేరే. చేతులు వణికి, చెమట పట్టి, మాట తడబడుతుంటే, మనిషికి మింగే తెలివి ఉన్నంతవరకూ మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి. పావుగంట చూసి మళ్లీ పరీక్షించండి, తగ్గకపోతే ఇంకోసారి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి. ఆయన వాడే మందుల పేర్లు, మోతాదు, మీ అబ్బాయి నంబరు, ఊళ్లో కారున్న ఇద్దరి నంబర్లు ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి తలుపు పక్కన అంటించండి. కాగితం మీ చేత్తోనే రాయొచ్చు. అర్ధరాత్రి ఎవరి కారు నిజంగా కదులుతుందో, ఎవరు ఫోనెత్తుతారో, ఎవరు ఆ టైముకి తాగి ఉంటారో మీకు తెలియదు. ఆవిడకి తెలుసు.

ఇక నిద్ర. మధ్యాహ్నం పడుకోవడం మానండి. ఊరు తెల్లవారుజామున లేస్తుంది, మీరు సీరియళ్లు చూసి పదకొండింటికి పడుకుంటే కుదరదు. కానీ ఈ చిట్కాతో సగమే తీరుతుంది. చీకట్లో మీ చెవులు దేనికోసం కాచుకుని ఉంటున్నాయో నాకు తెలుస్తూనే ఉంది. ఆయనకేదైనా అయితే కేకేయాల్సింది ఆ గోడ మీదుగానే. వేయలేరు. అందుకే నిద్ర పట్టట్లేదు. పల్లె నిశ్శబ్దాన్ని ఎందుకు ఆడిపోసుకుంటారు?

అన్నదమ్ములు బాగానే ఉంటారని రాశారు. ఉంటారు. అత్తగారికి పక్క మార్చిందీ వాళ్లు కాదు, నలుగురిలో మాట పడిందీ వాళ్లు కాదు. అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడానికి వాళ్లకేం అడ్డు? ఆయన్ని ఇందులోకి లాగొద్దు. "నువ్వు మీ తమ్ముడితో చెప్పు" అన్నారంటే పని చెడినట్టే.

నెలనెలా డబ్బు పంపామన్నారు. మంచి పని చేశారు, ఎవరూ కాదనరు. మందులకీ డాక్టరుకీ అది సరిపోయి ఉంటుంది. కానీ పక్షవాతం వచ్చిన మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే నడుం కింద పుండ్లు పడతాయి. పగలే కాదు, రాత్రి కూడా. అంటే రాత్రికి మూడుసార్లయినా లేవాలి. దుప్పటి తడిస్తే మార్చాలి, ఒళ్లు తుడవాలి, పొద్దున లేచి మళ్లీ వంట చేయాలి. అలా మూడేళ్లు. మీకిప్పుడు ఏడాదిగా నిద్ర లేదంటున్నారే, ఆవిడకి మూడేళ్లు లేదు. చాకిరీ చేసిన మనిషిని డబ్బు పంపిన మనిషి లెక్క అడగకూడదు. ఇది నా అభిప్రాయం, మీకు కటువుగా అనిపించినా మార్చుకోను. అందులోనూ పెద్దకర్మ రోజు, బంధువుల ముందు!

చట్టం ఏమంటుందని మీ అబ్బాయి అడగొచ్చు. అత్తగారు బతికుండగా, తెలివిలో ఉండి, తన చేత్తో తీసి ఇచ్చిన బంగారం పుచ్చుకున్నవాళ్లదే, దానికి కాగితం అక్కర్లేదు. ఒకవేళ ఇవ్వకుండానే పోయారనుకున్నా, 1956 హిందూ వారసత్వ చట్టంలో ఆడమనిషి ఆస్తి మొదట వెళ్లేది కొడుకులకీ కూతుళ్లకీ భర్తకీ. కోడలి పేరు అందులో లేదు, మీదీ లేదు. అడిగే హక్కు ఎవరికైనా ఉంటే మీవారికుంది, ఆయన ఆ రోజు నోరెత్తినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

కాబట్టి ఆ రెండు గాజులూ వెనక్కిచ్చేయండి. లాకర్లో ఉంటే తెప్పించండి.

ఒక్కసారిగా గాజులు పట్టుకుని వెళ్లొద్దు. ముందు ఒక మామూలు పని మీద వెళ్లండి. పదకొండు ప్రాంతాన, ఆవిడ వంట ముగించి కాస్త నడుం వాల్చే వేళకి, చిన్న గ్లాసు పట్టుకుని వీధి గుమ్మంలోంచి వెళ్లండి. గోడ మీంచి పిలవొద్దు. పేరు పెట్టి పిలిచి, "కాస్త మజ్జిగ చుక్క పెట్టమ్మా, తోడేసుకోవాలి" అనండి. మన ఇళ్లల్లో తోడుకి వచ్చిన మనిషిని ఎవరూ వట్టి చేతుల్తో పంపరు, ఏడేళ్ల కోపమున్నా సరే. తీసుకుని వచ్చేయండి. చీర, పళ్లు, స్వీట్లు ఏమీ పట్టుకెళ్లొద్దు. ఇచ్చిపుచ్చుకోవడం మొదలైతే ఆవిడ మర్నాడే బదులు పంపి చేయి దులుపుకుంటుంది. అలా రెండు మూడు సార్లయ్యాక, ఇంట్లో మగవాళ్లెవరూ లేని పూట చూసి గాజులు తీసుకెళ్లండి. మంగళ, శుక్రవారాలు వద్దు. బంగారం చేయి మారకూడని రోజని తిప్పి పంపే సాకు మీరే అందించినట్టవుతుంది.

మాట చిన్నదిగా ఉండాలి. "అత్తయ్య నీకిచ్చినవి ఇవి. ఆ రోజు నేను అలా అడగకుండా ఉండాల్సింది." ఇంతే. "కానీ" అన్నారో, అంతా పోయింది. పంపిన డబ్బు ఊసెత్తినా, "జరిగిందేదో జరిగింది" అన్నా అంతే. ఆ మాట అనాల్సింది మాట పడ్డవాళ్లు. ఆవిడ మీ ముందు పెట్టి వెళ్లిపోయినట్టు మీరూ అరుగు మీద పెట్టి వచ్చేయకండి. చేతిలో పెట్టండి. ఒక దెప్పు తప్పదు. "ఇప్పుడు ఊళ్లో అవసరం పడితే గుర్తొచ్చానా అక్కా?" అంటుంది. నిజం కాబట్టి ఔననండి. ఏడిస్తే కూర్చోండి. ఏమీ మాట్లాడకపోతే మంచినీళ్లు అడిగి తాగి, వచ్చేయండి.

ఇందులో మీ ఆత్మాభిమానానికి వచ్చిన లోటేమీ లేదు. తప్పు చేసినవాళ్లు ముందు గుమ్మం ఎక్కడాన్ని నేను తలవంపు అనుకోను. ఏడేళ్లు గోడకి ముఖం తిప్పుకుని బతకడాన్నే అనుకుంటాను. రేపు ఆవిడ మీ మంచితనం అలుసుగా తీసుకుని పది మందిలో మాట తూలితే మాత్రం ఊరుకోనక్కర్లేదు, అప్పుడు మళ్లీ రాయండి.

గాజులిచ్చిన రోజున, ఆ తర్వాత పదిహేను రోజుల పాటు క్యాను గురించి, పనిమనిషి గురించి, కారు నంబర్ల గురించి అడగొద్దు. అడిగితే గాజులు బేరం కిందకి పోతాయి. అవి తనంతట తానే చెప్తుంది, ఊళ్లో వాళ్లని నడిపించే మనిషి చెప్పకుండా ఉండలేదు. ఈలోగా నీళ్లు మీరే ప్లాంటు దగ్గరికెళ్లి పట్టుకోండి.

తీసుకోకపోతే బలవంతం చేయొద్దు. ఇంటికి తెచ్చి దాచి, తోడు కోసం వెళ్లడం మానకుండా ఉండి, ఓ నెలయ్యాక మళ్లీ అడగండి. మరిది చేత పంపించడం, కోడళ్లతో చెప్పించడం, రాఖీకో సంక్రాంతికో అందరూ వచ్చినప్పుడు పళ్లెంలో పెట్టి ఇవ్వడం లాంటివేవీ చేయకండి. ఆవిడ చేతికి, మీ చేత్తో, ఇద్దరే ఉన్నప్పుడు ఇవ్వండి.