గుండ్రంగా నిలిస్తేనే మృదులాస్థి కణం

ప్రశ్న: మా అమ్మకు మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందని డాక్టరు గారు చెప్పారు. మూలకణాలను జెల్‌లో పెంచి మృదులాస్థిని తయారుచేస్తున్నారని ఈమధ్య చదివాను. నేను బయోటెక్నాలజీ చదువుతున్నాను. మా లాబ్‌లో కణాలను ప్లాస్టిక్ పళ్ళెంలోనే పెంచుతాం. మృదులాస్థికి మాత్రం జెల్ ఎందుకు? అలా పెంచినదాన్ని అమ్మకు పెట్టించవచ్చా?
– ఒక విద్యార్థిని, రాజమహేంద్రవరం

జవాబు: ముందు ‘గుజ్జు’ అన్న మాటను కాస్త సరిచూసుకుందాం. ఎముకల చివర్లను కప్పి ఉండే మృదులాస్థి గుజ్జులా మెత్తగా ఉండదు. నున్నగా, గాజు మెరుపుతో, నొక్కితే కొద్దిగా లొంగి మళ్ళీ యథాస్థితికి వచ్చే గట్టి పొర అది. దాని బరువులో సుమారు మూడింట రెండు వంతులు, అంతకు మించి కూడా నీరే ఉంటుంది. ఆ నీటిని అగ్రికాన్ అనే భారీ అణువులు పట్టి ఉంచుతాయి, వాటిని రెండో రకం కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల వల బిగించి ఉంచుతుంది. వీటన్నిటినీ తయారుచేసే కణాలు మాత్రం పెద్దవారిలో ఆ పొర ఘనపరిమాణంలో సుమారు 2 శాతమే. అక్కడ రక్తనాళాలూ లేవు, నాడులూ లేవు కనుక దెబ్బతిన్న చోటికి మరమ్మతు సామగ్రి చేరే దారి లేదు. ఒకసారి నశించిన మృదులాస్థి మళ్ళీ బాగుపడదని విలియం హంటర్ 1743లోనే లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసంలో రాశారు.

ఈ పొరలో కణాలు గుండ్రంగా, దేని గూట్లో అది ఉంటాయి. వాటిని విడదీసి మీ లాబ్‌లోలాగా పళ్ళెంలో వేస్తే అడుగుకు అంటుకుని చదునుగా పరుచుకుంటాయి. సంఖ్యలో బాగానే పెరుగుతాయి గానీ, కొన్ని తరాలు గడిచేసరికి రెండో రకం కొలాజెన్‌ను తగ్గించి, చర్మంలోనూ గాయపు మచ్చల్లోనూ ఉండే మొదటి రకాన్ని చేయసాగుతాయి. బెన్యా, షాఫర్ అనే శాస్త్రవేత్తలు 1982లో కుందేలు కీళ్ళ కణాలను ఇలా దారి తప్పనిచ్చి, ఆ తర్వాత సముద్రపు నాచు నుంచి తీసే అగరోజ్ జెల్‌లో పొదిగి చూశారు. పరుచుకోవడానికి నేల దొరకని ఆ కణాలు మళ్ళీ గుండ్రబడి, మానేసిన రెండో రకం కొలాజెన్‌ను తిరిగి చేయడం మొదలుపెట్టాయి. కూర్చునే చోటు మారితే కణం వృత్తే మారిందన్నమాట. ఈ రంగంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచే ప్రయోగం ఇదే, మీ మొదటి ప్రశ్నకు అసలు జవాబు కూడా ఇందులోనే ఉంది.

ఇతర రకాల కణాలుగా మారగల మూలకణాల అవసరం, అసలు మృదులాస్థి కణాల కొరత వల్ల వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మృదులాస్థిని కోసి కణాలు తీయడమంటే ఒక గుంత పూడ్చడానికి మరో గుంత తవ్వడమే. ఎముక మజ్జలోని మూలకణాలను సుమారు 2 లక్షలు ఒక చిన్న గొట్టంలో ముద్దగా చేర్చి, టీజీఎఫ్-బీటా అనే వృద్ధి కారకం, డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే రెండు మూడు వారాల్లో మృదులాస్థి లక్షణాలు వస్తాయని 1998లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ పరిశోధకులు చూపారు. జెల్‌లోనూ పద్ధతి దాదాపు ఇదే. గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ ద్రావణంలో కణాలను కలిపి, సూది గుండా కాల్షియం క్లోరైడ్ నీటిలోకి బొట్లుగా వదిలితే, బూందీ దూసేటప్పుడు పిండి బొట్లు నూనెలో బిగుసుకున్నట్టు, ప్రతి బొట్టూ పూసగా గట్టిపడుతుంది. చూడటానికి ఉడికిన సగ్గుబియ్యంలా ఉంటుంది. తర్వాత కణాలను బయటికి తీయాలంటే సిట్రేట్ ద్రావణంలో వేస్తే చాలు, అది కాల్షియాన్ని లాగేసుకోగానే పూస కరిగిపోతుంది.

చిక్కు మృదులాస్థిని పుట్టించడంలో కన్నా దాన్ని అక్కడే ఆపడంలో ఉంది. గర్భస్థ శిశువులో కాళ్ళూ చేతుల ఎముకలు మొదట మృదులాస్థి అచ్చులుగా ఏర్పడి ఆ తర్వాత ఎముకగా మారతాయి. మజ్జ మూలకణాలు ఆ పాత దారినే పట్టి, కణాలు ఉబ్బి, పదో రకం కొలాజెన్ చేసి, ఎముక వైపు నడుస్తాయి. ప్రయోగశాలలో చక్కగా కనిపించిన ముక్క ఎలుక శరీరంలో పెట్టాక సున్నం పట్టిన సందర్భాలున్నాయి. బలం మరో లోటు. ఒకే జంతువు నుంచి తీసిన అసలు మృదులాస్థి కణాలనూ మూలకణాలనూ అగరోజ్‌లో పక్కపక్కనే పెంచి చూస్తే, మూలకణాల ముక్కలే బలహీనంగా తేలాయి. పైగా జెల్ మందం పెరిగేకొద్దీ నడిమి కణాలకు పోషకాలు అందడం తగ్గుతుంది.

ఇక మీ అమ్మగారి విషయం. కణాలతో మృదులాస్థిని పూడ్చే పద్ధతులు చాలావరకు దెబ్బ వల్ల ఒకచోట పడిన గుంతకు ఉద్దేశించినవి, వయసుతో కీలంతా అరిగిన స్థితి వేరు. దక్షిణ కొరియాలో 2012లో అనుమతి పొందిన చికిత్సలో బొడ్డుతాడు రక్తపు మూలకణాలను, కీళ్ళ ద్రవంలో సహజంగా ఉండే హైలురోనేట్‌తో చేసిన జెల్‌తో కలిపి శస్త్రచికిత్స ద్వారా కీలులో అమరుస్తారు. అక్కడ జెల్ కణాలను మోసే వాహనమే తప్ప, లాబ్‌లో పెంచిన తయారు ముక్క కాదు. మన దేశంలో 2022లో మోకాలి అరుగుదలకు అనుమతి వచ్చినది కూడా మజ్జ మూలకణాల ఇంజెక్షన్, దాన్ని మీరు చదివిన జెల్ మృదులాస్థిగా పొరబడవద్దు. 2017 నాటి జాతీయ మార్గదర్శకాల ప్రకారం, అనుమతి లేని మూలకణ చికిత్సను ఆమోదం పొందిన క్లినికల్ ట్రయల్‌లో భాగంగా మాత్రమే ఇవ్వాలి. ఎవరైనా ‘గుజ్జు పెంచుతాం’ అంటే, ట్రయల్స్ జాతీయ రిజిస్ట్రీ అయిన సీటీఆర్ఐలోని నమోదు సంఖ్యను అడిగి, వెబ్‌సైటులో సరిచూసుకున్నాకే అమ్మగారిని తీసుకెళ్ళండి.