సమాధానం: రెండు లక్షలకు మంచి రోడ్ బైక్ (రేసు సైకిల్) వస్తదా?

తమ్మీ, టాప్ మోడళ్ల ధరలు కార్ల దాకా పోయినయ్, రెండు లక్షలకు ఇంక ఏమొస్తది అని అడిగినవ్. టాప్ మోడల్ మన జేబుకు ఎన్నడూ అందలే, వదిలెయ్. కింది మెట్టు చూడు. గేర్లు చేసే జపాన్ కంపెనీ షిమానో ఎలక్ట్రానిక్ గేర్లు 2009లో దాని టాప్ సెట్ డ్యూరా-ఏస్‌తో మొదలై, 2022లో మధ్య మెట్టు సెట్ 105 దాకా దిగినయ్. మరుసటేడు మెకానికల్ (తీగతో గేర్ మార్చే) 105 కూడా 12 స్పీడ్ (వెనుక 12 పళ్ల చక్రాలు) అయింది. నీకు అదే చాలు, అల్యూమినియం ఫ్రేమ్‌తో. హనుమకొండ నుంచి ములుగు దిక్కు తొక్కేటోడివి, 32 ఎంఎం వెడల్పు టైరు పడుతదో లేదో ముందే అడుగు.

సెకండ్ హ్యాండ్ కార్బన్ ఫ్రేమ్ అయితే పెడల్ ఇరుసు చుట్టూ, సీటు గొట్టం బిగించే కాడ టార్చ్ కొట్టి చూడు. గీత గోరుకు తగిలిందా, బేరం బంద్. కొత్తదైతే, 2025 సెప్టెంబర్‌లో సైకిళ్ల జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. పాత ధర చెప్తే ఊకోకు.