బెంగళూరులో వినైల్‌తో డీజేయింగ్ మొదలుపెడుతున్నాను. టెక్నోలో పాతవి, కొత్తవి ఏ రికార్డులు కొనాలి?

మీరు అడిగింది ఇదీ: కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌కి తగిలించే డీజే పెట్టె) మీద టెక్నో వాయించడం బాగా అలవాటైంది, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో రెండు టర్న్‌టేబుళ్లు దొరికాయి, మొదటి విడతలో ఓ పదిహేను రికార్డులకు బడ్జెట్ ఉంది, ఏవి తెప్పించుకోవాలి అని. నేను మారతహళ్లి వైపు ఉంటాను. పగలంతా ఆఫీసు, రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రికార్డులు. స్నేహితుల ఇళ్లలో, అప్పుడప్పుడు చిన్న బార్లలో వాయిస్తుంటాను. ఆ అనుభవంతో చెప్తున్నాను. మీ అభిరుచి వేరైతే పేర్లు మార్చుకోండి, లెక్క మాత్రం మార్చకండి.

ఆ లెక్క ఏమిటంటే, మొదటి పదిహేనూ ఒకదానితో ఒకటి కలిసేవిగా ఉండాలి. టెక్నో చరిత్రలో గొప్ప ట్రాకులంటూ అందరూ చెప్పేవన్నీ కొనేస్తే షెల్ఫ్ కళకళలాడుతుంది, సెట్ మాత్రం నడవదు. డెరిక్ మే 1987లో 'రిథిమ్ ఈజ్ రిథిమ్' పేరుతో చేసిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్' తీసుకోండి. డెట్రాయిట్ టెక్నో అనగానే నోటికొచ్చే మొదటి పేరు. అందులో బేస్‌లైనే లేదు, మొదట్లో పట్టుకోవడానికి కిక్ (అడుగున పడే డ్రమ్ దెబ్బ) కూడా ఉండదు. వింటే ఒళ్లు పులకరిస్తుంది. కానీ డెక్ (టర్న్‌టేబుల్) కొత్తగా పట్టినవాడు దాన్ని ఇంకో రికార్డు మీదకి తీసుకురావాలంటే తల ప్రాణం తోకకొస్తుంది. అది ఏడాది తర్వాత కొనుక్కోండి.

కంట్రోలర్‌లో రెండు ట్రాకుల వేగాన్ని తనే కలిపేసే సింక్ బటన్ ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ మీకు టెంపో గోల పట్టి ఉండదు. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఎంకే2 లాంటి డెక్‌లో వేగం మార్చే పిచ్ ఫేడర్ అటు 8 శాతం, ఇటు 8 శాతమే కదులుతుంది. 130 బీపీఎం (నిమిషానికి బీట్లు) ఉన్న రికార్డుని చివరిదాకా తోసినా 140 దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడొచ్చే హార్డ్ టెక్నోలో చాలా ట్రాకులు 145 పైనే మొదలవుతున్నాయి. 90ల నాటి 128 రికార్డొకటి, నిన్నగాక మొన్న వచ్చిన 148 రికార్డొకటి మీ దగ్గర ఉన్నాయనుకోండి. అది 138 దాకా ఎక్కుతుంది, ఇది 136 దాకా దిగుతుంది. కాగితం మీద 137 దగ్గర కలిసినట్టే. కానీ రెండు ఫేడర్లూ అంచుల్లో ఉంటే, బీట్ కాస్త జారినప్పుడు సర్దుకోవడానికి చోటే ఉండదు. అందుకే మొదటి విడతలో జీరో పిచ్ దగ్గర (ఫేడర్ మధ్యలో ఉన్నప్పుడు) 128 నుంచి 138 లోపు ఉన్నవే ఏరుకోండి. రికార్డు చేతికి రాగానే ఫోన్‌లో ట్యాప్ చేసి, బీపీఎం ఎంతో లోపలి కవరు మూలన పెన్సిల్‌తో రాసుకోండి. లేబుల్ మీద స్టిక్కర్లు అంటించకండి, రేపు అమ్మాలనుకుంటే ధర పడిపోతుంది.

ఇందులోనే ఒక సరదా విషయం ఉంది. 33⅓ ఆర్పీఎంలో రికార్డు ఒక చుట్టు తిరగడానికి 1.8 సెకన్లు పడుతుంది. ఆ చుట్టులో సరిగ్గా నాలుగు బీట్లు పడితే టెంపో 133.33 అవుతుంది. లాక్డ్ గ్రూవ్ అంటే ఇదే: గాడి లోపలికి సాగకుండా తనలో తాను కలిసిపోయి ఉంటుంది, మీరు సూది ఎత్తేదాకా అదే ముక్క తిరుగుతూ ఉంటుంది. జెఫ్ మిల్స్ 1994లో తన యాక్సిస్ లేబుల్ మీద తెచ్చిన 'సైకిల్ 30'లో ఇలాంటి గాడులున్నాయి. బీట్‌మ్యాచింగ్ (రెండు రికార్డుల బీట్లు కలపడం) సాధనకి ఇంతకంటే ఓపికున్న గురువు దొరకడు. ఒక డెక్ మీద దాన్ని వదిలేసి, రెండో డెక్ మీద ఏ రికార్డైనా తెచ్చి పది నిమిషాలు పక్కపక్కనే నడిపించండి. ట్రాక్ అయిపోతుందేమో అన్న టెన్షన్ ఉండదు, చెవి ఒక్కటే పని చేస్తుంది.

ఇక పాతవి. కళ్లు మూసుకుని కొనమని నేను చెప్పే రికార్డు రాబర్ట్ హుడ్ 'మినిమల్ నేషన్'. 1994లో యాక్సిస్ మీద వచ్చింది, తర్వాత హుడ్ సొంత లేబుల్ ఎం-ప్లాంట్ మళ్లీ ప్రెస్ చేసింది. డ్రమ్ మెషీన్, ఒక సింథ్ లైను, దాదాపు అంతే సరుకు. 'మ్యూజియం' ట్రాకునే చూడండి. మొదటిసారి విన్నప్పుడు ఏముంది ఇందులో అనిపిస్తుంది. దాని మీద ఇంకో రికార్డు పెట్టి వాల్యూమ్ కలిపినప్పుడు తెలుస్తుంది అసలు సంగతి: హుడ్ వదిలిపెట్టిన ఖాళీల్లో రెండో రికార్డు తాలూకు హై-హ్యాట్లు (తాళాల చప్పుళ్లు), కార్డ్‌లు (కలిసి మోగే స్వరాలు) వచ్చి కూర్చుంటాయి. రెండూ కలిసి మూడో ట్రాక్ పుడుతుంది. వినైల్ మీద వాయించడంలో ఉన్న సుఖమంతా అక్కడే ఉంది. ఒక్క ప్యాక్‌లోనే ఇన్ని పనికొచ్చే ట్రాకులు ఇచ్చిన రికార్డు నా సంచిలో ఇంకోటి లేదు.

రెండోది బేసిక్ ఛానల్. బెర్లిన్‌కి చెందిన మోరిట్జ్ ఫాన్ ఓస్వాల్డ్, మార్క్ ఎర్నెస్టస్ కలిసి నడిపిన లేబుల్. 1993 నాటి 'ఫిలిప్స్ ట్రాక్'తో మొదలుపెట్టండి, మెల్లగా నడిచే సెట్లు ఇష్టమైతే 1994 నాటి 'క్వాడ్రంట్ డబ్' తీసుకోండి. లేబుల్ మీద అక్షరాలు వంకర్లు తిరిగి అరిగిపోయినట్టుంటాయి, బార్ లైటింగులో చస్తే చదవలేరు, కవరు మీద మీరే గుర్తు పెట్టుకోవాలి. ఇవి మళ్లీ మళ్లీ ప్రెస్ అవుతూనే ఉంటాయి. కాబట్టి రికార్డులు అమ్ముకునే సైట్ డిస్కాగ్స్‌లో ఎవరో ఒరిజినల్ ప్రెస్సింగ్ అని చెప్పే ధరకి టెంప్ట్ కావద్దు.

జెఫ్ మిల్స్ 'ద బెల్స్' అందరికీ తెలుసు. అది ఉన్న 'క్యాట్ మోడా' రికార్డు కొనండి, అయితే మిగతా ట్రాకుల కోసం కొనండి. 'ద బెల్స్' మొదలైతే గదిలో సగంమంది ఫోన్లు పైకెత్తుతారు, ఆ పదిహేను సెకన్లు అయ్యాక మీరేం చేస్తారన్నదే సమస్య. ఇరాన్‌లో పుట్టి స్వీడన్‌లో పెరిగిన ఆరిల్ బ్రిఖా 1998లో చేసిన 'గ్రూవ్ లా కార్డ్' నాకు అంతకంటే ఎక్కువ పనికొచ్చింది. ఒకే కార్డ్ మొదటి నుంచి చివరిదాకా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటుంది. వేగం పెంచాలన్నా తగ్గించాలన్నా మధ్యలో వంతెనలా పనిచేస్తుంది.

మన పార్టీల్లో ఒక ఘట్టం తప్పదు. రాత్రి పదకొండు దాటాక ఎవరో ఒకరు డెక్‌ల దగ్గరికొచ్చి "అన్నా, తెలుగు పాటలేమైనా ఉన్నాయా?" అంటారు. వాళ్ల మీద కోపం తెచ్చుకోవద్దు, గంటసేపు గొంతే వినిపించకపోతే ఎవరికైనా విసుగే. దానికోసం గొంతు ఉన్న రికార్డులు రెండు దగ్గర పెట్టుకోండి. ఒకటి ఆక్టేవ్ వన్ 2000లో తెచ్చిన 'బ్లాక్‌వాటర్', ఆన్ సాండర్సన్ పాడింది. రెండోది రాబర్ట్ హుడ్ ఫ్లోర్‌ప్లాన్ పేరుతో చేసిన 'నెవర్ గ్రో ఓల్డ్', 2013 నాటి 'ప్యారడైజ్' ఆల్బంలో ఉంది. అందులో వినిపించేది అరీతా ఫ్రాంక్లిన్ చర్చిలో పాడిన గొంతు. హుడ్ స్వయంగా పాస్టర్ కూడా, ఆ భక్తి పాటలో తెలిసిపోతుంది. తెలుగు పాట అడిగినవాడే ముందు డాన్స్‌కి దిగుతాడు, నేను చూశాను.

మన దేశపు రికార్డు ఒకటి తప్పక ఉండాలి. చరణ్‌జిత్ సింగ్ 1982లో చేసిన 'సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్'. బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన మనిషి. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ సింథ్, జూపిటర్-8 సింథసైజర్ ముందు పెట్టుకుని పది హిందుస్థానీ రాగాలు వాయించాడు. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో బాంబే కనెక్షన్ అనే డచ్ లేబుల్ మళ్లీ తెచ్చాక, షికాగో యాసిడ్ హౌస్ (టీబీ-303 శబ్దం మీద నడిచే డాన్స్ సంగీతం) కంటే ముందే ఈ శబ్దం ఉందా అని ప్రపంచం నోరెళ్లబెట్టింది. ఇది పక్కా టెక్నో కాదు, బేస్ కూడా ఇప్పటి రికార్డుల ముందు పల్చగా ఉంటుంది, మిక్సర్ ఈక్యూలో 'లో' నాబ్ (బేస్) కాస్త పెంచుకోవాలి. కానీ మొదటి ట్రాక్ రాగ భైరవ్. ఒకసారి స్నేహితుడి ఇంట్లో ఇది వేస్తే, చిన్నప్పుడు రాజమండ్రిలో సంగీతం క్లాసులకి వెళ్లిన అమ్మాయి వంటింట్లోంచి "ఇది మాయామాళవగౌళ కదా!" అంటూ వచ్చింది. సరళీ స్వరాలు నేర్చుకున్న ప్రతి చెవికీ ఆ రాగం తెలుసు. బెర్లిన్ డీజేకి దొరకని శ్రోతలు మీకు బెంగళూరులో ఉన్నారు, వాడుకోండి.

డెట్రాయిట్ జంట డ్రెక్సియా గురించి అడుగుతారని తెలుసు. 1999 నాటి 'నెప్ట్యూన్స్ లేయర్' నా దగ్గర ఉంది, ప్రాణం. అయితే అది ఎలక్ట్రో, కిక్ నాలుగు బీట్లూ సమంగా పడదు. మొదటి పదిహేనులో వద్దు.

కొత్తవాటిలో ఒక్కో రికార్డు పేరు చెప్పడం దండగ. మూడు వందలో అయిదు వందలో ప్రెస్ చేస్తారు, ఈ జవాబు మీరు చదివేసరికే అయిపోతాయి. లేబుళ్లని పట్టుకోండి. మ్యూనిక్ నుంచి జెంకర్ సోదరులు నడిపే ఇలియన్ టేప్ నాకు ఇష్టం, స్కీ మాస్క్ 2018 ఆల్బం 'కాంప్రో' అక్కడిదే. బ్రేక్‌బీట్లు (విరిగి విరిగి పడే డ్రమ్ వరసలు) ఎక్కువ, కాబట్టి కొనేముందు క్లిప్పులు వినండి. తిన్నగా నడిచే కిక్ కావాలంటే బెన్ క్లాక్ నడిపే క్లాక్‌వర్క్స్, బెల్జియం వాళ్ల టోకెన్ చూడండి. ఈ రెండింటి పన్నెండంగుళాల రికార్డులు హుడ్ పక్కన పెడితే ఒకే రోజు పుట్టినట్టు కలిసిపోతాయి. కాస్త మొరటుగా కావాలంటే బ్లావాన్ 2018 ఆల్బం 'వెట్ విల్ ఆల్వేస్ డ్రై'. బెర్లిన్‌లో 1989 నుంచి ఉన్న హార్డ్ వ్యాక్స్ షాపు సైట్‌లో ప్రతి రికార్డుకీ ఒకే లైను వర్ణన ఉంటుంది, బాగా నచ్చితే 'టిప్' అని రాస్తారు. నేను కొనకపోయినా ఆ పేజీ వారానికోసారి చూస్తాను.

రికార్డులు తెప్పించే దగ్గరే జేబుకి చిల్లు. యూరప్‌లో కొత్త పన్నెండంగుళాల రికార్డు మామూలుగా 12 నుంచి 16 యూరోలు ఉంటుంది. పోస్టేజీ, ఇక్కడి కస్టమ్స్ కలిస్తే ఒక్కో రికార్డు రెండు వేలు ఇట్టే దాటుతుంది. గిఫ్ట్ అని రాయించుకుంటే తప్పించుకోవచ్చన్నది పాత మాట, 5,000 రూపాయల లోపు గిఫ్టులకున్న మినహాయింపుని 2019 డిసెంబర్‌లోనే తీసేశారు. ఒక్కోటి కాకుండా ఒకేసారి ఎక్కువ తెప్పించండి. అన్నిటికంటే మేలైన దారి మనవాళ్లే. ప్రతి ఆఫీసులోనూ జర్మనీకో నెదర్లాండ్స్‌కో ఆన్‌సైట్ వెళ్లొచ్చే తెలుగువాడు ఒకడుంటాడు. అతని హోటల్‌కి ఆర్డర్ పెట్టించి, వచ్చేటప్పుడు క్యాబిన్ బ్యాగులో తెమ్మనండి. పది రికార్డులు కవర్లతో సుమారు రెండున్నర కిలోలు తూగుతాయి, అంతకు మించి మొహమాటపెట్టకండి. పోస్టులో వచ్చేవైతే, డిస్కులు కవర్లోంచి బయటికి తీసి విడిగా ప్యాక్ చేయమని అమ్మేవాళ్లకి రాయండి. లేకపోతే దారిలో కవరు అంచు చిరుగుతుంది.

సెకండ్‌హ్యాండ్ డెక్‌లు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. అవి జపాన్ నుంచి వచ్చినవైతే వెనక ప్లేటు మీద 100 వోల్టులని ఉంటుంది. మన 230లో పెట్టారంటే అంతే సంగతులు. ఎస్పీ రోడ్‌లో స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ దొరుకుతుంది. 110 చాలులే అంటారు, 100 కావాలనే పట్టుబట్టండి. స్పీకర్ల బేస్ టేబుల్ మీదుగా సూదిలోకెక్కి గుయ్యిమంటుంటే, గ్రానైట్ షాపులో డెక్ సైజుకి కడప రాయి ముక్క కోయించి కింద రబ్బరు వేసి పెట్టండి. ఖరీదైన స్టాండు చేసే పని అదే చేస్తుంది. వేసవిలో రికార్డుల సంచి కారులో వదలకండి.

మొదటి ఆర్డర్ నేనైతే ఇలా పెడతాను: 'మినిమల్ నేషన్', బేసిక్ ఛానల్ రెండు, 'గ్రూవ్ లా కార్డ్', 'బ్లాక్‌వాటర్', ఫ్లోర్‌ప్లాన్, చరణ్‌జిత్ సింగ్, మిగతా అంతా క్లాక్‌వర్క్స్, టోకెన్, ఇలియన్ టేపుల్లో మీ చెవికి నచ్చినవి. 'సైకిల్ 30' మంచి ధరకి కనిపిస్తే వదలకండి. మీ డెక్‌లు ఏ మోడలో, కార్ట్రిడ్జ్ (సూది బిగించే భాగం) ఏదో కింద రాస్తే సూది బరువు ఎంత పెట్టాలో చెప్తాను.